జాలీ కింద చిక్కు

స్నానాల గదిలో నీళ్ళు మడమల దాకా నిలిచాయంటే మన ఇళ్ళల్లో మొదట గుర్తొచ్చేది యాసిడ్ సీసా. సదుంలోనైనా, పుంగనూరులోనైనా కొట్టుకు వెళ్ళి "బాత్రూం యాసిడ్ ఒకటి ఇయ్యన్నా" అంటే చాలు, లేత పసుపు రంగు నీళ్ళున్న ప్లాస్టిక్ సీసా చేతికొస్తుంది. తెచ్చి జాలీ మీద కుమ్మరిస్తాం. బుసబుసా పొంగుతుంది. కళ్ళు మండుతాయి. ముక్కు మూసుకుని బయటికొచ్చి తలుపు వేస్తాం. అంత పొంగింది కాబట్టి లోపల అడ్డమంతా కరిగిపోయిందని నమ్ముతాం. మర్నాడు పొద్దున రెండో చెంబు పోసుకునేసరికి నీళ్ళు మళ్ళీ కాళ్ళ దగ్గరే ఉంటాయి.

పొంగింది సిమెంటు గచ్చు. అడ్డం పడింది జుట్టు. ఉప్పు యాసిడ్ గచ్చును తింటుంది, జుట్టు జోలికి పోదు. ఇది తెలియక ఏటా ఎన్ని సీసాలు పోస్తున్నామో, ఎంతమంది ఆడవాళ్ళు ఆ పొగ పీలుస్తున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. ఎందుకంటే స్నానాల గది అడ్డాల్లో ఎక్కువ భాగం మూరెడు లోతులోపే ఉంటాయి. చెయ్యి, వంచిన తీగ, కాసిన్ని వేడినీళ్ళు ఉంటే ఇంట్లో ఎవరైనా తీసేయగలరు.

పొలం నుంచి వచ్చిన నమ్మకం

యాసిడ్ మీద ఇంత గురి ఊరికే కుదరలేదు. మన ప్రాంతంలో అది పొలం నుంచి ఇంట్లోకి నడిచొచ్చింది.

సదుం, సోమల, చౌడేపల్లె, పుంగనూరు చుట్టుపక్కల సేద్యం బోర్ల మీదే ఆధారం. కింద ఉన్నదంతా గట్టి రాయి. దాని పగుళ్ళలో దొరికే నీటి కోసం వెయ్యి అడుగులు దాటించిన బోర్లు ఇక్కడ కొత్త కాదు. అంత లోతున రాతిని అంటిపెట్టుకున్న నీళ్ళు కాల్షియం, మెగ్నీషియం లవణాలను వెంట తెస్తాయి. అందుకే చాలా ఊళ్ళలో పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ కట్టదు, నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. తాగునీటికి మన జాతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని హద్దుగా పెట్టింది. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది.

ఈ నీళ్ళతోనే మన రైతులు డ్రిప్పు నడుపుతున్నారు. 1990ల్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యాన్ని కుప్పంలో చూపించారు. 2003లో రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం మొదలయ్యాక డ్రిప్పు పైపులు ఊరూరికీ చేరాయి. టమాటా మళ్ళలో కొన్నాళ్ళకు డ్రిప్పర్ల కన్నాలు సున్నంతో పూడుకుపోతాయి. అప్పుడు రైతు యాసిడ్‌ను కొలత ప్రకారం నీళ్ళలో కలిపి లైన్లకు పెడతాడు, కాసేపు నిలవనిచ్చి, పైపు కొసల మూతలు విప్పి కడిగేస్తాడు. సున్నం కరిగి బుడగలై పోతుంది, చుక్క మళ్ళీ పడుతుంది. ఆ పని నూటికి నూరుపాళ్ళు సరైనదే. అక్కడ అడ్డం పడింది సున్నం మరి.

స్నానాల గది జాలీ కింద ఉన్నది వేరే సరుకు. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది. గంధకపు బంధాలతో దాని పోగులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీళ్ళలో నానదు, ఏళ్ళ తరబడి కుళ్ళదు, కొట్టులో దొరికే ఉప్పు యాసిడ్‌కు లొంగదు. యాసిడ్ దాని పక్కనుంచి జారిపోయి సిమెంటు అతుకులను, ఇనప జాలీని కొరుకుతుంది. మరుగుదొడ్డి ట్యాంకులోకి పోతే అక్కడ మలినాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులను చంపుతుంది.

డ్రిప్పు వాడే రైతుకు ఇంకో సంగతీ తెలుసు. పాచికి క్లోరిన్ పెడతారు, సున్నానికి యాసిడ్ పెడతారు, రెండూ ఎప్పుడూ కలవనీయరు. పొలంలో పాటించే ఆ జాగ్రత్త స్నానాల గదిలో మాయమవుతుంది. నిన్న బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోటే ఇవాళ యాసిడ్ పోస్తారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ కూడా సరిగా లేని నాలుగడుగుల గదిలో అది ఊపిరితిత్తుల మీద పడుతుంది. యాసిడ్ చిల్లర అమ్మకాలకు సుప్రీంకోర్టు 2013 జులైలో కట్టుబాట్లు పెట్టింది. కొన్నవారి వివరాలు పుస్తకంలో రాయాలి, 18 ఏళ్ళ లోపు వారికి అమ్మకూడదు. యాసిడ్ దాడుల నుంచి ఆడపిల్లలను కాపాడడానికి వచ్చిన ఆ ఉత్తర్వు, ఆ సీసాలో ఉన్నదేమిటో కూడా మనకు చెబుతోంది. దాన్ని సబ్బు పక్కన, చిన్నపిల్లల చేతికందే గూట్లో పెట్టుకుంటున్నాం.

అడ్డంలో ఏముంది

ఒకసారి జాలీ తీసి, బయటికొచ్చిన ఉండను విప్పి చూడండి. మన ఇంటి అలవాట్లన్నీ అందులో కనిపిస్తాయి.

మొదటిది జుట్టు. మనిషికి రోజుకు 50 నుంచి 100 దాకా వెంట్రుకలు రాలడం మామూలే. తలంటు రోజున ఇంకా ఎక్కువ రాలతాయి. మన పల్లెల్లో దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను ఏ ఇల్లాలూ పారేయదు. ఉండ చుట్టి గోడ సందులోనో కవర్లోనో దాస్తుంది. వెంట్రుకలకు స్టీలు సామాన్లిస్తామని కేకలేస్తూ వచ్చేవాళ్ళు ఇప్పటికీ వీధుల్లో తిరుగుతున్నారు. తిరుమల తలనీలాలకు వేలం జరుగుతుంది. దువ్వెన మీద ఇంత విలువైన వెంట్రుక, నీళ్ళతో పాటు జాలీ దాటగానే పైపుకు గుదిబండ అవుతుంది. తలకు పోసుకునే ముందు ఓసారి దువ్వుకుంటే సగం అడ్డం ఆ పూటే తప్పుతుంది.

రెండోది సబ్బు తెట్టు. సబ్బు మన ఉప్పునీళ్ళతో కలిసినప్పుడు నురగకు బదులు నీళ్ళలో కరగని జిగట పదార్థం ఏర్పడుతుంది. బకెట్టు అంచున బూడిదరంగు వలయంగా కనిపించేది అదే. పైపులో వెంట్రుకలను ఒకదానికొకటి అంటించేదీ అదే. సబ్బు ఎంత ఎక్కువ రుద్దితే తెట్టు అంత ఎక్కువ. నీళ్ళు మెత్తగా ఉండే ఊళ్ళో ఒక సబ్బుబిళ్ళ ఎన్నాళ్ళొస్తుందో, ఇక్కడ ఎన్నాళ్ళొస్తుందో అక్కడికి కోడలిగా వెళ్ళిన ఆడపిల్లను అడిగితే చెబుతుంది.

మూడోది నూనె. దీపావళికి, ఉగాదికి ఇంటిల్లిపాదీ ఒంటికి నువ్వులనూనె పట్టించుకుని, సున్నిపిండితో నలుచుకుని, సీకాయపొడితో తలంటుకుంటాం. పెసరపిండి తడిసి ఉబ్బుతుంది, సీకాయ పిప్పి అడుగున పేరుకుంటుంది, నూనె రెంటినీ ముద్ద చేస్తుంది. పండగ మర్నాడే నీళ్ళు నిలవడం కాకతాళీయమేమీ కాదు. కొబ్బరినూనె తీరు ఇంకో రకం. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చుట్టుపక్కల డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. సీసాలో నూనె గడ్డకట్టిన రోజున నేల కింద పైపులో జారిన నూనె కూడా గడ్డకడుతుంది. చలికాలంలో అడ్డాలు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

ఇక చిన్న వస్తువు, పెద్ద దోషి ఒకటుంది. షాంపూ పొట్లం మూల. 1980ల్లో తమిళనాడులోని కడలూరు నుంచి వచ్చిన చిన్న పొట్లాల షాంపూ పల్లెపల్లెకూ పాకింది. పంటితో చించి ఉమ్మేసిన ఆ మూల ముక్క జాలీ కన్నంలో సరిగ్గా పడుతుంది. వెంట్రుకలు దానికి చుట్టుకోవడం మొదలెడతాయి.

జలదారి పోయి గొట్టం వచ్చాక

పాత ఇళ్ళల్లో ఒక మూలన జలదారి ఉండేది. కడప బండ పరిచి, చుట్టూ చిన్న గట్టు కట్టి, గోడకు కన్నం పెట్టేవారు. పోసుకున్న నీళ్ళు ఆ కన్నంలోంచి పెరట్లోకి పోయి అరటిచెట్టుకో, చేమదుంపలకో, కనకాంబరాల మడికో అందేవి. అడ్డం పడితే కంటికి కనిపించేది. పుల్లతో లాగి పారేస్తే తీరేది. ఆ బయటి మోరీల పక్కన దోమలు, పాచి, వాసన ఉండేవి, కాబట్టి పాతదంతా బంగారమని అనను. కానీ నీళ్ళు ఎటు పోతున్నాయో ఇంట్లో చిన్నపిల్లాడికి కూడా తెలిసేది.

మిద్దె ఇళ్ళొచ్చాక ఆ దారి బండల కిందికి పోయింది. ఎక్కడ వంపు ఉందో, ఎక్కడ అతుకు ఉందో కట్టిన మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందట మొహెంజొదారోలో స్నానాల గది నేలను ఇటుకలతో తూము వైపు వాలుగా పరిచారు. వీధి కాలవలకు తీసి పెట్టుకోగలిగిన మూతలు వేశారు, మడ్డి దిగడానికి గుంటలు వదిలారు. శుభ్రం చేయాల్సిన రోజు వస్తుందని ఆ కట్టినవాళ్ళు ముందే అనుకున్నారు. మనం లక్షలు పోసి ఇల్లు కడుతూ ఆ ఒక్క ఆలోచన మాత్రం మరిచిపోతున్నాం. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్ళు మేస్త్రీని గట్టిగా అడగాల్సినవి రెండున్నాయి: జాలీ నుంచి బయటి వరకు మీటరుకు దాదాపు రెండు సెంటీమీటర్ల వాలు, పైపు మలుపు తిరిగే ప్రతిచోటా మూత తీయగలిగిన ఛాంబరు.

తీసే పద్ధతి

ముందు అడ్డం ఎక్కడుందో తెలుసుకోవాలి. స్నానాల గదిలో మాత్రమే నీళ్ళు నిలుస్తూ వంటింటి తొట్టి బాగానే పోతుంటే అడ్డం జాలీ కిందే ఉంది. ఒకచోట పోస్తే ఇంకోచోట గుడగుడమని పైకి తన్నితే బయటి ఛాంబరులో చూడాలి. గదిలో ఎంత తవ్వినా లాభం లేదు.

జాలీ కింద అయితే, చేతికి రబ్బరు తొడుగో, మందపాటి ప్లాస్టిక్ కవరో వేసుకుని నిలిచిన నీళ్ళను మగ్గుతో తోడేయాలి. జాలీ మరలు ఉప్పునీళ్ళకు తుప్పుపట్టి ఉంటే కొంచెం కొబ్బరినూనె వేసి కాసేపు ఆగాలి. జాలీ ఎత్తాక లోపల గిన్నెలాంటిది బోర్లించి ఉంటే అదీ తీయాలి. పాత సైకిల్ పుల్ల కొసను చిన్న కొక్కెంలా వంచి, పైపు గోడకు ఆనించి దించి, మెల్లగా తిప్పి, పైకి లాగాలి. కట్టుకంబి అయినా సరే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది లాగడం. కర్రతో పొడిస్తే జానెడు లోతున ఉన్న ఉండ నాలుగడుగుల లోతుకు పోతుంది, అప్పుడు బండలు పగలగొట్టే పని పడుతుంది. వచ్చిన జుట్టును మరుగుదొడ్డిలో వేయకుండా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి.

ఉండ వచ్చేశాక బట్టల సోడా పొడి గుప్పెడు చల్లి, పైనుంచి వేడినీళ్ళు పోయాలి. వేడి అంటే చెయ్యి పెట్టగలిగిన దానికంటే కొంచెం ఎక్కువ. సలసల మరిగే నీళ్ళు పోయొద్దు. మన ఇళ్ళల్లో వేసేవి పీవీసీ గొట్టాలు, 80 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి అవి మెత్తబడతాయి, అతుకులు వదులవుతాయి. నూనె కరగడానికి అంత మరుగు అవసరమే లేదు.

అప్పటికీ నీళ్ళు మెల్లగా పోతుంటే రబ్బరు పంపు వాడాలి. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే కర్రపిడి రబ్బరు గిన్నె అది. దాని అంచు మునిగేంత నీళ్ళు కింద ఉండాలి. గాలి నొక్కుకుపోతుంది గానీ నీళ్ళు నొక్కుకోవు, కాబట్టి నీటి ద్వారా ఒత్తిడి నేరుగా అడ్డం దాకా చేరుతుంది. గట్టిగా నొక్కడం కంటే చటుక్కున పైకి లాగడమే ఎక్కువ పని చేస్తుంది. అదీ చాలకపోతే ప్లంబర్ల దగ్గరుండే స్ప్రింగు తీగ. అమెరికాలోని అయోవాలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన ఆ తీగకు మోటారు తగిలించి, 1930ల్లో దాన్ని రోటో రూటర్ పేరుతో పెద్ద వ్యాపారం చేశాడు. మన పట్టణాల్లో మిస్త్రీలు తెచ్చే తిరిగే తీగ యంత్రాలదీ అదే సూత్రం.

వంటసోడా వేసి వెనిగర్ పోయమని వీడియోల్లో చెబుతుంటారు. చూడ్డానికి పొంగుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది కాస్త ఉప్పునీళ్ళలాంటి ద్రవం, కాస్త గాలి. జుట్టు అక్కడే ఉంటుంది.

జుట్టును నిజంగా కరిగించగలిగింది కాస్టిక్ సోడా. పొట్లాల్లో అమ్మే డ్రెయిన్ క్లీనర్ పొడుల్లో ఎక్కువగా ఉండేది అదే. కెరటిన్ బంధాలను తెంచుతుంది, నూనెను సబ్బుగా మారుస్తుంది. కానీ నీళ్ళు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది, అల్యూమినియం గిన్నెను తినేస్తుంది, కంట్లో చుక్క పడితే యాసిడ్ కంటే లోతుగా కాలుస్తుంది. పడితే వెంటనే కనీసం పావుగంట ధారగా నీళ్ళు పోస్తూ కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. అన్నీ అయ్యాక ఆఖరి మార్గంగా, పొట్లం మీద రాసిన కొలతలోనే వాడాలి. అది పోశాక రబ్బరు పంపు ముట్టుకోకూడదు, ఆ నీళ్ళు మొహాన చిమ్ముతాయి. యాసిడ్ పోసిన చోట అసలే వేయకూడదు. ప్లంబరు వస్తే లోపల ఏం పోశామో అతను మూత తీయకముందే చెప్పాలి. చెప్పకపోవడం అతని కళ్ళతో చెలగాటం.

కువైట్ తొట్టి, అమెరికా తొట్టి

సదుంలో స్నానపు తొట్టి ఉన్న ఇల్లు వెతకడం కష్టమే. కానీ తొట్టి కడగడం తెలిసిన చేతులు ఇక్కడ చాలానే ఉన్నాయి. రాయచోటి, మదనపల్లె వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకు ఆ పింగాణీ తొట్లు, వాటి తూములు కొట్టినపిండి. ఇక అమెరికాలో ఉన్న మన పిల్లలు సంక్రాంతికి అక్కడి తొట్టిలోనే నూనె తలంటు పోసుకుంటారు. అక్కడి తొట్టి తూము పైపు ఒకటిన్నర అంగుళం వెడల్పు ఉంటుంది. మన జాలీ కింది గొట్టం సాధారణంగా 75 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. బయట మంచు, లోపల కొబ్బరినూనె, సన్నటి పైపు. ఇంక అడ్డం పడకుండా ఎలా ఉంటుంది?

తొట్టికి పద్ధతి అదే, ఒక్క తేడా ఉంది. తొట్టి గోడకు పైన పొర్లు కన్నం ఒకటుంటుంది. రబ్బరు పంపు వేసేటప్పుడు దాన్ని తడిబట్టతో గట్టిగా మూయాలి. లేకపోతే మనం నొక్కిన ఒత్తిడంతా ఆ కన్నంలోంచి పోతుంది. బిరడాను తిప్పి ఊడదీసి, ముళ్ళున్న ప్లాస్టిక్ పట్టీని దించి లాగితే జుట్టు దానికి పట్టుకుని వస్తుంది. ఇల్లు అద్దెదైతే రసాయనాలు పోసే ముందు యజమానిని అడగడం మంచిది.

గిన్నెను తీసి పారేయొద్దు

నీళ్ళు తొందరగా పోవాలని చాలామంది జాలీ కింద ఉండే నాని ట్రాప్ లోపల బోర్లించిన గిన్నెను తీసి మూల పడేస్తారు. నీళ్ళు పోతాయి, నిజమే. దాని వెంట బొద్దింకలు, మురుగు వాసన పైకొస్తాయి. ఆ గిన్నె చుట్టూ సుమారు రెండంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఇంటికీ మురుగుకూ మధ్య తలుపు ఆ నీళ్ళే. వంపు పైపులో నీళ్ళు నిలిపి వాసనను ఆపే ఆలోచనకు 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ్టి ట్రాపులన్నీ ఆ కుటుంబానివే.

ఆ నీళ్ళు ఎండిపోతే ఏమవుతుందో 2003లో హాంకాంగ్ చూసింది. అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో మూడు వందల మందికి పైగా సార్స్ సోకింది, నలభై మందికి పైగా చనిపోయారు. స్నానాల గదుల నేల ట్రాపుల్లో నీళ్ళు ఎండిపోయి, ఆ దారిన మురుగు పైపుల్లోని తుంపరలు ఇళ్ళలోకి రావడం ప్రధాన కారణాల్లో ఒకటని దర్యాప్తులో తేలింది. మన ఊళ్ళలో బెంగళూరుకో, గల్ఫుకో పోయి తాళాలు వేసిన ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. పండక్కి వచ్చి తలుపు తీయగానే గుప్పుమనే వాసన ఆ ఎండిన ట్రాపుదే. ముందు జాలీలో ఒక బకెట్టు నీళ్ళు పోసి, కిటికీలు తెరిచి, తర్వాత సామాన్లు దించుకోవాలి. తాళంచెవి పక్కింట్లో ఇచ్చివెళ్ళేవాళ్ళు నెలకోసారి ఆ బకెట్టు నీళ్ళ పని కూడా అప్పజెబితే సరిపోతుంది.

మనం తీయనిది ఇంకొకరు తీయాలి

జాలీ దగ్గర ఆపని జుట్టు, నూనె ఆగిపోవు. ఇంకుడు గుంతలోకి పోతే మట్టి రంధ్రాలను నూనెపొరతో మూసేస్తాయి, గుంత నీళ్ళు పీల్చడం మానేస్తుంది. గుంతకు ముందు మడ్డి దిగే చిన్న తొట్టి కట్టి అప్పుడప్పుడూ ఎత్తిపోస్తే అది చాలా కాలం పనిచేస్తుంది. మరుగుదొడ్డి ట్యాంకులోకి పోతే జుట్టు జీర్ణం కాదు, తెట్టుగా పైన తేలి బయటికి పోయే పైపును మూస్తుంది. అప్పుడు ఎవరినో పిలుస్తాం.

ఆ పిలిచేది ఎవరిని అన్నది మన దేశంలో కులాన్ని బట్టి నడిచింది. కుప్పం నుంచి సరిహద్దు దాటగానే ఉన్న కోలార్ బంగారు గనుల పట్టణంలో 1966లో ఒక తెలుగు కుటుంబంలో బెజవాడ విల్సన్ పుట్టారు. అక్కడి పాకీదొడ్లు చేతులతో ఎత్తిన కుటుంబం అది. ఆ పనిని దేశంలో లేకుండా చేయాలని ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపించారు. 2016లో రామన్ మెగసెసె అవార్డు అందుకున్నారు. ఆ ఉద్యమం వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు, మురుగు కాలవల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో ఇంకో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. పంచాయతీకే కాదు, ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

చట్టం సంగతి అటుంచినా, ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు పనిచేయకుండా చేస్తుంది. వాసన తగ్గిందని దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు, అతన్ని పైకి తీయడానికి దిగిన రెండో మనిషీ పోతాడు. కాబట్టి మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చాం కదా అని ఎవరినీ దింపకూడదు. నేను దిగుతా సార్ అని అతనే ముందుకొచ్చినా వద్దనాలి. గొట్టంతో పీల్చే ట్యాంకరు బండిని పట్టణం నుంచి పిలిపించి, అది వచ్చేదాకా ఆ రెండు మూడు రోజులు నీళ్ళు పెరట్లో పోసుకుంటే సరిపోతుంది.